పొలం మీద డ్రోన్, దస్త్రంలో రూలు

2024 సెప్టెంబరులో మా విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచెత్తినప్పుడు డాబాల మీదున్న జనానికి అన్నం పొట్లాలు, మంచినీళ్లు డ్రోన్లు కూడా అందించాయి. మా పటమటలో అందరూ ఆ ముచ్చటే. ఆ డ్రోన్ల వెనకున్న రూల్సు గొడవ ఎవరికి పట్టింది?

2021 మార్చిలో కేంద్రం డ్రోన్లకు నిబంధనలు తెచ్చింది. 25 ఫారాలు, 72 రకాల ఫీజులు! స్టార్టప్‌ల వాళ్లు, కాలేజీల వాళ్లు గగ్గోలు పెట్టారు. జులైలో కొత్త ముసాయిదా పెట్టి జనాభిప్రాయం అడిగారు, ఆగస్టు 25న మొత్తం తిరగరాశారు. ఫారాలు 5, ఫీజులు 4కి దిగాయి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీశారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. సర్కారు ఐదు నెలల్లో మనసు మార్చుకోవడం మామూలు సంగతి కాదు లెండి.

కంకిపాడు దగ్గర మా బావమరిది వరిచేలో ఇప్పుడు డ్రోనే మందు కొడుతోంది. నడిపే కుర్రాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కి అక్కర్లేదు. బరువు పెరిగేకొద్దీ పట్టు బిగించడం, నా లెక్కన తెలివైన పని. మందు పిచికారీకి వ్యవసాయ శాఖ విడిగా పద్ధతులూ పెట్టింది. అయినా గాలి మళ్లి, పక్క చేపల చెరువు ఆసామి “ఆపరా బాబూ!” అని కేకేస్తే, మీట నొక్కాల్సింది ఆ కుర్రాడే.