కృష్ణానగర్‌లో ‘ఇంగ్’ కష్టాలు

పొద్దున ఆరింటికి కృష్ణానగర్‌లో ఇడ్లీ బండి దగ్గర నిలబడితే సగం సినిమా ఇండస్ట్రీ కనపడుతుంది. షూటింగ్ వ్యాన్ కోసం చూసే జూనియర్ ఆర్టిస్టులు, కథ చెప్పడానికి టైమిస్తారేమోనని ఫోన్ చూసుకునే అసిస్టెంట్ డైరెక్టర్లు. ఆ వీధిలోనే ఓ ఐరన్ షాపు పైగదిలో కూర్చుని నేను తెలుగు సినిమాలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను.

పోయిన నెల శ్రీకాకుళం కుర్రాడొకడు పైకొచ్చాడు. “అన్నా, వెబ్ సిరీస్ ఆడిషన్‌కి ప్రొఫైల్ ఇంగ్లీషులో పంపమన్నారు. రాత్రి పన్నెండు లోపు. ఒక్కసారి చూసిపెట్టవా?” అని ఫోన్ చేతిలో పెట్టాడు.

‘ఐ ఎంజాయ్ యాక్టింగ్, డాన్సింగ్ అండ్ టు రైడ్ హార్స్. ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ టు డు నెగెటివ్ రోల్స్. లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు.’

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వే అర్హత నాకెక్కడిది? కొత్తల్లో ఓ సినిమాకి పనిచేశాను. తండ్రి పోయాక సిగరెట్లు మానేశానని హీరో చెప్పే సీను. నేను ‘ఐ స్టాప్డ్ టు స్మోక్’ అని రాశాను. అంటే, సిగరెట్ కాల్చడానికి ఆగానని! హాల్లో తెలుగువాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే, తెలుగు రానివాళ్ళు కిసుక్కుమన్నారు. రాయాల్సింది ‘స్టాప్డ్ స్మోకింగ్’. ఆ డైరెక్టర్ మళ్ళీ నన్ను పిలవలేదు. ఆయన తప్పేం లేదు.

ముందు గుర్రం సంగతి పట్టుకున్నాం. “ఇదే తెలుగులో చెప్తాను విను. నాకు నటించడం, డాన్స్ చెయ్యడం, గుర్రం ఎక్కాలని ఇష్టం.”

“అలా ఎవరంటారన్నా?” అని వాడే నవ్వాడు.

చూశారా, రూల్ వాడి చెవికి ముందే తెలుసు. దీన్నే ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు. పాటలో హీరో వెనక డాన్సర్లందరికీ ఒకే డ్రెస్ వేస్తారు కదా, అట్లా వరసలో వచ్చే మాటలన్నీ ఒకే రూపంలో ఉండాలి. ‘యాక్టింగ్, డాన్సింగ్ అండ్ హార్స్ రైడింగ్’ అని దిద్దాను. గుర్రం నిజంగా వచ్చా అనడిగితే, సెలెక్టయితే నేర్చుకుంటానన్నాడు. కృష్ణానగర్ ప్రొఫైళ్ళలో గుర్రాలన్నీ ఇలాంటివే!

ఇక ఆ ‘ఐఎన్‌జీ’. పనిని పేరుగా మార్చే ఈ రూపాన్ని జెరండ్ అంటారు. లాటిన్ వ్యాకరణం నుంచి వచ్చిన పేరు, వినగానే భయమేస్తుంది. మనకీ ఉంది. పాత పుస్తకాల్లో ‘నటించుట’, ఇప్పుడు ‘నటించడం’, కొందరి నోట ‘నటించటం’.

ఇన్నేళ్ళ పనిలో నాకు దొరికిన కిటుకొకటి చెప్పాను. తెలుగులో ‘డం’ వస్తే ఇంగ్లీషులో చాలాసార్లు ‘ఇంగ్’. ‘ఆలని’ వస్తే ‘టు’. కాల్చడం మానేశాను అంటే స్టాప్డ్ స్మోకింగ్. నటించాలని ఉంది అంటే వాంట్ టు యాక్ట్. వెళ్ళాలని నిర్ణయించుకున్నాను అంటే డిసైడెడ్ టు గో. కాల్చడానికి ఆగాను అన్నప్పటి ‘డానికి’ కూడా ‘టు’ వైపే.

అన్నిచోట్లా పనిచెయ్యదు, ముందే చెప్తున్నా. ‘చెప్పడం మర్చిపోయాను’ అన్నదాన్ని ‘ఫర్‌గాట్ టెల్లింగ్’ అంటే, చెప్పాను గానీ చెప్పిన సంగతే గుర్తులేదని అర్థమొస్తుంది. అక్కడ ‘ఫర్‌గాట్ టు టెల్’ అనాలి. ‘ఇన్’, ‘ఎట్’ లాంటి ప్రిపొజిషన్ తర్వాత మాత్రం అనుమానం అక్కర్లేదు, ‘ఇంగే’. ఇంట్రెస్టెడ్ ఇన్ డూయింగ్, గుడ్ ఎట్ డాన్సింగ్. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’లో ఆ చివరి ‘టు’ కూడా ప్రిపొజిషనే. అందుకని ‘మీటింగ్ యు’. పెద్ద పెద్ద ఆఫీసుల మెయిల్స్‌లో కూడా ఇక్కడ బోల్తా పడతారు.

నా పనిలో ఇది అన్నం పెట్టే విషయం. ఓటీటీలకి రాసేటప్పుడు లైనుకి సుమారు 42 అక్షరాలు, తెర మీద రెండే లైన్లు. ‘చంపడం తేలిక, క్షమించడం కష్టం’ అని విలన్ అన్నాడనుకోండి. ‘కిల్లింగ్ ఈజ్ ఈజీ, బట్ టు ఫర్‌గివ్ ఈజ్ హార్డ్’ అని రాస్తే డైలాగ్ పడుకుంటుంది. ‘కిల్లింగ్ ఈజ్ ఈజీ. ఫర్‌గివింగ్ ఈజ్ హార్డ్’ అంటే నిలబడుతుంది. మన డైలాగ్ రైటర్లు ‘డం... డం’ అని కొట్టే దెబ్బ ఇంగ్లీషులోనూ మోగాలిగా.

పన్నెండుకి పది నిమిషాలుందనగా ప్రొఫైల్ పంపించాడు. వారమైనా ఫోన్ రాలేదు. నిన్న టీ బండి దగ్గర కనపడి, “అన్నా, ‘ఐ యూజ్డ్ టు వెయిట్’ కరెక్టా, ‘ఐ యామ్ యూజ్డ్ టు వెయిటింగ్’ కరెక్టా?” అన్నాడు.

“రెండూ కరెక్టే. మొదటిది, ఒకప్పుడు ఎదురుచూసేవాణ్ణి అని. రెండోది, ఎదురుచూడడం అలవాటైపోయింది అని. నీకేది కావాలి?”

“ఇప్పటికైతే రెండోదే రాయన్నా” అని టీ గ్లాసు పక్కన పెట్టి, వ్యాన్ వస్తుంటే పరిగెత్తాడు.