ఫోన్ గ్లాస్‌కి వయసవుతుందా?

“రెండేళ్ల ఫోన్ కదన్నా, గ్లాస్ బలం పోతది!” నల్గొండలో సెకండ్ హ్యాండ్ ఫోన్ చూస్తుంటే విన్న మాటిది. నిజంగా పోతుందా?

గాజు చల్లారేటప్పుడు పరమాణువులు వరుస కట్టకుండా ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి, తర్వాత మెల్లగా సర్దుకుంటుంటాయి. గొరిల్లా గ్లాస్ తయారుచేసే కార్నింగ్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన కొలతల ప్రకారం, మీటరు గాజు పలక గది ఉష్ణోగ్రతలోనే ఏడాదిన్నరలో సుమారు 10 మైక్రాన్లు కుంచించుకుంది. అంటే 15 సెంటీమీటర్ల స్క్రీన్‌కి ఒకటిన్నర మైక్రాన్! వెంట్రుక మందం ముందు ఇదెంత? మన మే నెల ఎండ కూడా గాజుకి లెక్కలోది కాదు (బ్యాటరీ సంగతి వేరు).

అసలు శత్రువు మన గ్రానైట్ నేలలోని ఇసుక. అందులోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేలుపై 7, ఫోన్ గ్లాస్‌ది 6 దగ్గర. జేబులో పడ్డ గీత దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. అందుకే నేను కొన్న తేదీ అడగను, టార్చ్ ఏటవాలుగా పట్టి గీతలు వెతుకుతా.