అమ్మ విన్న మద్రాసు కచేరీ

పెళ్లికి ముందు సంగీతం నేర్చుకున్న అమ్మ, తర్వాత పాడింది వంటింట్లోనే. డెబ్బై దాటాక 'మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ఒక్క కచేరీ వినాలే' అంది. డిసెంబరులో తీసుకెళ్లాను.

1927 కాంగ్రెస్ మహాసభల వేళ జరిగిన సంగీత సదస్సు నుంచి పుట్టిన సంస్థ అది. ఇప్పటి హాలు 1962లో తెరిచారు. అక్కడ 'సంగీత కళానిధి' అందుకున్న మొదటి మహిళ ఎం.ఎస్.సుబ్బులక్ష్మి, 1968లో. అంటే సంస్థ పెట్టిన నలభై ఏళ్లకన్నమాట!

బాల్కనీ టికెట్ చవకే గానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లను మెట్లెక్కించకండి, కింద సీటే తీసుకోండి. ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలకైతే టికెట్టే అక్కర్లేదు.

త్యాగరాజ కీర్తన మొదలవగానే పక్కసీటు తమిళావిడ వచ్చీరాని తెలుగులో అర్థం అడిగింది. అమ్మ గుసగుసగా చెప్పుకుంటూ పోయింది. బయటికొచ్చాక ఆవిడకి పల్లవి పాడి కూడా వినిపించింది, అంతమంది మధ్య!