చలువ చేస్తుందని తాగే చైనా కషాయాలు

మనం "వేడి చేసింది" అన్నంత మామూలుగా దక్షిణ చైనాలో "షాంగ్‌హువో" అంటారు. నిప్పు పైకెగసిందని దానర్థం. నోటిపూత, గొంతుమంట, మొటిమలు, మలబద్ధకం... అన్నిటికీ అదే మాట. విరుగుడు లియాంగ్‌చా, అంటే చలువ కషాయం. 1828లో గ్వాంగ్‌జౌలో మొదలైన వాంగ్‌లావోజీ ఆ కోవలోదే.

అపోహ: వేడంటే జ్వరమే.
వాస్తవం: కాదు. థర్మామీటరు కదలకపోయినా వేడి ఉందంటారు. కొన్ని లక్షణాలను కలిపి పిలిచే పేరది.

అపోహ: ఏ వేడికైనా చేదు మూలికలే మందు.
వాస్తవం: చైనా వైద్యమే ఈ మాట ఒప్పుకోదు. గట్టి దాహం, ఎర్రబడ్డ ముఖం, నాలుకపై పసుపు పూత, బలమైన నాడి ఉంటే అది మితిమీరిన వేడి. దానికి హువాంగ్‌లియన్ లాంటి పరమ చేదు వేళ్లు ఇస్తారు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడి, రాత్రి చెమటలు పోసి, నాడి సన్నగా ఉంటే ఒంట్లో చలువ తరిగిందని లెక్క. అక్కడ చేదు మందులు మనిషిని ఇంకా నీరసపరుస్తాయంటారు. నా వంతుగా ఒక్కమాట: సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు వదలకపోతే ఏ కషాయానికైనా ముందు క్షయ పరీక్ష చేయించుకోండి.

అపోహ: ఆకులూ వేళ్లే కదా, హాని ఉండదు.
వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నమ్మకమే. "కాలేయపు మంట" తగ్గించే లాంగ్‌డాన్ షియెగాన్ మాత్రల్లో పాత పద్ధతి ప్రకారం వేయాల్సింది మూతోంగ్ అనే తీగ. దాని బదులు గ్వాన్‌మూతోంగ్ అనే వేరే తీగ వాడుకలోకొచ్చింది. పేర్లు దగ్గరవే గానీ రెండోది మన ఈశ్వరి తీగ జాతిది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. వేడి తగ్గాలని నెలల తరబడి ఆ మాత్రలు మింగినవాళ్లలో కొందరి మూత్రపిండాలు పాడయ్యాయి. చైనా ప్రభుత్వం 2003లో గ్వాన్‌మూతోంగ్‌ను తీసేయించింది.

పసిపిల్లలకు హువాంగ్‌లియన్ పట్టే అలవాటూ ఇలాంటిదే. అందులోని బెర్బెరిన్ పుట్టుకామెర్లను ముదరబెడుతుందన్న భయంతో సింగపూర్ 1978లో దాన్ని నిషేధించింది. 2013లో మళ్లీ అనుమతించినా పసికందుల విషయంలో హెచ్చరిక అలాగే ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న బిడ్డలకు ముప్పు మరీ ఎక్కువ.

అపోహ: అయితే ఇదంతా మూఢనమ్మకమే.
వాస్తవం: వేడిని తగ్గించే మూలికల్లో ఒకటైన చింగ్‌హావో నుంచే చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను తీసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అయితే ఆకును మరిగించి కాదు, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసి, పరీక్షించి సాధించారు. మలేరియాకు ఆ ఆకుల కషాయం తాగవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ చెబుతోంది.