తొలి బిడ్డ తల్లికి ‘నాకు చేతనవుతుంది’ అనిపించేదెప్పుడు?

రాత్రి రెండు గంటలు. నెల నిండిన బిడ్డ ఏడుపు ఆపడం లేదు. “పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టు” అంటారు ఒకరు. “కాసిన్ని నీళ్లు తాగించు” అంటారు ఇంకొకరు. భర్త “అమ్మీ చెప్పినట్టు చెయ్” అనేసి అటు తిరిగి పడుకుంటాడు. కాసేపటికి బిడ్డ నిద్రపోతుంది. తల్లికి మాత్రం నిద్ర పట్టదు. తనకు పిల్లల్ని పెంచడం రాదేమో అన్న అనుమానం ఇలాంటి రాత్రుల్లోనే మొదలవుతుంది.

నిజానికి ఆమె తప్పేమీ లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్లల ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు బట్టలు తడుపుతూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. ఇవన్నీ డాక్టరు ఆమెకు చెప్పే ఉంటారు. కానీ ఆ మాట ఇంట్లో చెప్పేటప్పుడు ఆమె వెనక ఎవరూ లేరు.

‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం ఎలా పుడుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించారు. అన్నిటికంటే గట్టి ఆధారం సొంతంగా చేసి చూడటం. తనలాంటి వాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మిన మనిషి చెప్పే మంచి మాట, ఒంటి పరిస్థితి ఆ తర్వాతివి. మన ఇళ్లలో మొదటిదానికే గండి పడుతుంది. నలభై రోజులూ బిడ్డకు నానీయో, దాదీయో స్నానం చేయిస్తారు. బాలింతకు విశ్రాంతి దొరుకుతుంది, అది మంచిదే. కానీ నలభై ఒకటో రోజున ఆమె చేతులు వణుకుతాయి. కాస్త కోలుకున్నాక పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఆమె చేత చేయిస్తే ఆ భయం ఉండదు.

బిడ్డ బాధ్యతను పెద్దలంతా కలిసి మోయడాన్ని కో-పేరెంటింగ్ అంటారు. ఇది విడాకులు తీసుకున్నవాళ్ల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కలిసి ఉన్న భార్యాభర్తలకూ ఇదే వర్తిస్తుంది. ఇందులో పని పంచుకోవడం ఒక భాగమే. ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు నిలబెడుతున్నారా, నలుగురిలో తీసేస్తున్నారా అన్నది అంతకంటే పెద్ద విషయం. డైపర్ మారుస్తూనే చుట్టాల ముందు “దీనికేం తెలీదు” అనే భర్త సాయం చేసినట్టా?

తేనె సంగతే చూడండి. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఈ మాట కోడలు చెబితే అత్తాకోడళ్ల గొడవ అవుతుంది. కొడుకు “అమ్మీ, డాక్టరు వద్దన్నారు, మేమిద్దరం అలాగే అనుకున్నాం” అంటే అది డాక్టరు మాటగానే ఉండిపోతుంది. పాలు మాన్పించే విషయంలో తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదించుకుని నిర్ణయించుకోవాలని సూరా బఖరా 233వ ఆయత్‌లోనూ ఉంది.

తండ్రికీ ఒక ఇబ్బంది ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఆయన ఆదివారం వచ్చి చూసి వెళ్తాడు. తల్లీబిడ్డలు ఇంటికొచ్చే సరికి ఆమెకు అన్నీ వచ్చు, ఆయనకు ఎత్తుకోవడం కూడా రాదు. బిడ్డ కాస్త ఏడవగానే “ఇటివ్వండి, మీకు రాదు” అని ఆమె లాగేసుకుంటుంది. ఆయన మెల్లగా తప్పుకుంటాడు, భారమంతా మళ్లీ ఆమె మీదే పడుతుంది. రోజూ ఒక అరగంట ఆయనకు వదిలేయాలి. బిడ్డ ఏడుస్తుంది, ఆయనే ఏదో దారి వెతుక్కుంటాడు. సెలవుల లెక్క కూడా ఆయనకు అనుకూలంగా లేదు. చట్ట ప్రకారం ఉద్యోగినికి తొలి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజులు.

గల్ఫ్‌లో ఉన్న భర్త ఎత్తుకోలేడు, నిజమే. కానీ 6, 10, 14 వారాల టీకాల తేదీలు ఆయన గుర్తుపెట్టుకోవచ్చు. వీడియో కాల్‌లో “బాబును చూపించు” అనే ముందు “రాత్రి నిద్రపోయావా?” అని అడగొచ్చు.

దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది ధైర్యం చెబితే పోయేది కాదు, డాక్టరుకు చూపించాలి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ ఆమే చేయాలని లేదు, భర్త చేసినా సరే.