హిమభూమిలో వేట

ఉత్తర ధ్రువ ప్రాంతంలో సముద్రం గడ్డకట్టి నేలవలె పరచుకొంటుంది. ఆ మంచు కింద సంచరించే సీల్ చేప కాదు, మనవలె ఊపిరితిత్తులు గల క్షీరదం. అందువల్ల అది ముందరి తెడ్డుకాళ్ల గోళ్లతో మంచును గీకి రంధ్రాలు చేసుకొని, మధ్యమధ్య అక్కడికి వచ్చి గాలి పీల్చుకొంటుంది. ధ్రువపు ఎలుగుబంటి కాపు కాసేదీ అక్కడే.

1970వ దశకంలో కెనడా శాస్త్రజ్ఞుడు ఇయాన్ స్టిర్లింగ్ డెవన్ దీవిలోని ఎత్తైన కొండపై నుండి, దూరదర్శిని సాయంతో ఈ వేటను పరిశీలించాడు. వేట అనగానే మనకు పరుగు, గర్జన స్ఫురిస్తాయి. అక్కడ కనిపించినది చాలావరకు నిరీక్షణే. ఎలుగుబంటి రంధ్రం పక్కన కదలక మెదలక పడి ఉంటుంది. గంట గడిచినా లేవదు. మనవారు కొంగజపం అనేది ఇటువంటిదే; కాకపోతే ఇందులో కపటం కన్న ఆకలి ఎక్కువ. సీల్ తల పైకి తేలిన క్షణంలో పంజా, కోరలు ఒక్కసారిగా పనిచేస్తాయి. అయినా పెక్కు పర్యాయాలు సీలే తప్పించుకొంటుంది. చిక్కితే ఎలుగుబంటి ముందుగా దాని చర్మం కింది కొవ్వును తింటుంది. మిగిలినదాని కోసం ఆర్కిటిక్ నక్కలు దూరంగా ఎదురుచూస్తుంటాయి.

నీటిలో ఈదే సీల్‌ను తరిమి పట్టుకోవడం ఎలుగుబంటికి దాదాపు అసాధ్యం. దానికి మంచు కావాలి. హడ్సన్ అఖాతంలో వేసవిలో మంచు కరిగిపోగా ఎలుగుబంట్లు తీరం చేరి, ఒంట్లోని కొవ్వుతోనే నెలల తరబడి కాలం గడుపుతాయి. భూతాపం వల్ల ఆ ఉపవాసకాలం పెరిగింది. అఖాతపు పశ్చిమ భాగంలో వాటి సంఖ్య 2016 అంచనా ప్రకారం 842; 2021 అంచనా ప్రకారం 618. పస్తు ముందుగా తాకేది పిల్లలను, పాలిచ్చే తల్లులను.