అమ్మ మంచం ఇంట్లోకి వచ్చింది!

మార్గశిరం వచ్చిందంటే మా ఇంట్లో అమ్మ మంచం పెరట్లోకి వెళ్ళిపోతుంది. పెరడంటే ఇంటి వెనకాలే కాదండోయ్. కొబ్బరితోట దాటి, బోదెగట్టు మీద అరవై మీటర్లు నడిస్తే కోడిపిల్లల షెడ్డు. కొత్త పిల్లలు దిగిన రోజు నుంచి మూడు వారాల పాటు అమ్మకి ఆ షెడ్డు గుమ్మమే పడకగది. ఒక దుప్పటి, ఒక టార్చిలైటు, తలగడ కింద అమృతాంజనం డబ్బా.

మాది అనపర్తి దగ్గర పల్లెటూరు. చుట్టుపక్కల లక్షల గుడ్ల ఫారాలున్న ఊళ్ళే. మాది మాత్రం చిన్న బేరం. ఒకరోజు వయసున్న వనరాజ, గ్రామప్రియ పిల్లల్ని ఐదేసి వందలు తెచ్చి, ఐదారు వారాలు పెంచి, ఊళ్ళో ఆడవాళ్ళకి పెరటి కోళ్ళుగా అమ్మడం. నాన్న పోయాక అమ్మ వదలకుండా నడుపుతున్న పని ఇదొక్కటే. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, రాత్రికి అదే రైల్లో రావడం.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి అమ్మ ఇంట్లోకి మంచినీళ్ళకి వస్తుంటే బోదెగట్టు మీద కట్లపాము అడ్డం పడుకుని ఉంది. టార్చి వెలుగు పడబట్టి సరిపోయింది. మర్నాడు నాతో మామూలుగా చెప్పింది, పాలవాడు రాలేదన్నంత తేలిగ్గా. నాకు మాత్రం ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు. ఆ సాయంత్రమే అనుకున్నాను, షెడ్డులో వేడి సంగతి ఇంట్లో కూర్చుని చూసుకునే ఏర్పాటు చేయాలని.

పిల్లకి వేడి ఎందుకంత ముఖ్యం?

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైనే ఉంటుంది. పొదిగిన పిల్లలు రెక్కల కింద దూరి ఆ వేడిలోనే పెరుగుతాయి. హేచరీ నుంచి వచ్చిన పిల్లకి తల్లి లేదు. ఒంటి మీద ఉన్నది నూగే తప్ప ఈకలు కావు. తన వేడిని తను నిలబెట్టుకోవడం దానికి మొదటి రెండు వారాలు సరిగ్గా చేతకాదు. అందుకని మొదటి వారం 35 డిగ్రీల దగ్గర వేడి ఇవ్వాలి. తర్వాత వారానికి రెండున్నర, మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. పుష్యమాసంలో మా తోటలో తెల్లవారుజామున 18 డిగ్రీలు చూశాను. అంటే బయటికీ, పిల్లకి కావలసినదానికీ 17 డిగ్రీల తేడా! ఆ తేడాని రాత్రంతా ఎవరో ఒకరు పూడ్చాలి.

నాన్న ఉన్న రోజుల్లో ఊక పొయ్యి పెట్టేవారు, చలి ముదిరితే బొగ్గుల కుంపటి. తర్వాత కరెంటు బల్బులొచ్చాయి. పిల్లకి 2 వాట్లని లెక్క. ఐదువందల పిల్లలకి 1000 వాట్లు, అంటే 250 వాట్ల బల్బులు నాలుగు. వేడి ఎక్కువైతే ఒకటి తీసెయ్యడం, తక్కువైతే వెయ్యడం, లేదంటే గొలుసు పట్టుకుని బల్బుని కిందికీ పైకీ జరపడం. రాత్రికి నాలుగైదుసార్లు.

అమ్మ థర్మామీటరు చూడదు, పిల్లల్ని చూస్తుంది. బల్బు కింద గుంపుగా ఒకదానిమీద ఒకటెక్కితే చలి. బల్బుకి దూరంగా పోయి నోళ్ళు తెరిచి రొప్పితే వేడి. అన్నీ ఒకే పక్కకి చేరితే ఎక్కణ్ణించో గాలి కొడుతోందని. పళ్ళెంలో అక్షింతలు చల్లినట్టు అంతటా పరుచుకుని ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ నాలుగు ముక్కలూ కోళ్ళ పెంపకం పుస్తకాల్లో బొమ్మలేసి మరీ చెప్తారు. అమ్మ ఏ పుస్తకమూ చూడలేదు.

తొమ్మిది రాత్రుల ఆనందం

మొదటి ఏర్పాటు చాలా సులువుగా అయిపోయింది. వేడి కొలిచే చిన్న సెన్సారు, వైఫై ఉన్న చిన్న బోర్డు, 10 ఆంపియర్ల నీలం రంగు రిలే. ఇంటి వెనక వరండాలో రౌటరు పెడితే షెడ్డు దాకా ఎలాగో సిగ్నలు అందింది. ఫోనులో రెండు గీతలు, ఒక బొత్తాం. వేడి 34 దాటితే బల్బులు ఆగాలి, 32కి పడితే వెలగాలి. నడుమ రెండు డిగ్రీల ఖాళీ ఎందుకంటే, అది లేకపోతే బల్బులు నిమిషానికోసారి వెలిగి ఆరుతూ ఉంటాయి.

సెన్సారుని మొదట గోడకి నా తల ఎత్తున కొట్టాను. అమ్మ చూసి, "పిల్లలు అక్కడుంటాయేంట్రా?" అంది. నిజమే. వేడిగాలి పైకి పోతుంది, పిల్ల ఉండేది నేల మీద. దాన్ని కిందికి దింపి, బల్బు వెలుగు సూటిగా పడని చోట, ఊకకి మూడంగుళాల ఎత్తున కట్టాను.

తొమ్మిది రాత్రులు అమ్మ ఇంట్లో పడుకుంది. నేను రైల్లో కూడా ఫోను తీసి చూసుకునేవాణ్ణి. తోటి ఉద్యోగులకి చూపించి గొప్పలు పోయాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పదో రాత్రి రెండు దాటాక మెలకువ వచ్చి ఫోను చూశాను. బొత్తాం దగ్గర 'ఆఫ్' అని ఉంది. బల్బులు ఆగి ఉన్నాయి, అంతా బాగుందనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. పక్కనే ఉన్న వేడి అంకె వైపు చూడనే లేదు.

కాసేపటికి అమ్మ కేక వినిపించింది. పరిగెత్తాను. షెడ్డులో నాలుగు బల్బులూ భగభగ వెలుగుతున్నాయి. చుట్టూ కట్టిన రేకు అంచుని ఆనుకుని పిల్లలన్నీ రెక్కలు వేలాడేసి రొప్పుతున్నాయి. అమ్మ అప్పటికే రేకు విప్పేసి, బల్బుల ప్లగ్గు పీకేసి, తెరలు ఎత్తేస్తోంది. ఇరవైమూడు పిల్లలు పోయాయి. ఇంకో అరగంటైతే ఎన్ని పోయేవో!

"నీకెలా తెలిసిందమ్మా?" అన్నాను.

"పిల్లలు అరవట్లేదురా. ఇంతసేపు అరవకుండా ఉండవు" అంది.

అరవై మీటర్ల దూరాన, నిద్రలో కూడా అమ్మ ఆ చప్పుడు వింటూనే ఉందన్నమాట. నేను ఫోను చూసి పడుకున్నాను.

ఫోను ఎందుకు తప్పు చెప్పింది?

మర్నాడు సెలవు పెట్టి రిలే విప్పాను. లోపల రెండు రాగి నాలుకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వెయ్యి వాట్లంటే 230 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్ల లోపే. పది ఆంపియర్ల రిలే ఎందుకు కాలింది? మా ఊళ్ళో మోటార్లు బాగుచేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక్కసారి చూసి నవ్వాడు.

"బల్బు ఆరి ఉన్నప్పుడు చల్లగా ఉంటుంది అబ్బాయ్. చల్లని తీగ కరెంటుకి అడ్డం చెప్పదు. స్విచ్చి పడిన ఆ క్షణంలో పది రెట్లు లాగుతుంది. నువ్వు నాలుగనుకున్నావు, దాని మీద నలభై పడింది. అదీ రాత్రికి పాతికసార్లు!"

కాలేజీలో ఈ పాఠం నేనూ చదివాను. మార్కులు కూడా వచ్చాయి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. ఫోనులో కనిపించిన 'ఆఫ్' బల్బు సంగతి కాదు. అది నా బోర్డు ఇచ్చిన ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చాం కాబట్టి జరిగిపోయిందని ఫోను నమ్మింది, దాన్ని నేను నమ్మాను. మా డెల్టాలో కాలువ లాకుల దగ్గర ఇలా ఎవరూ చెయ్యరు. తలుపు దించమని కబురు పంపి ఊరుకుంటే సరిపోదు. నీళ్ళు ఆగాయో లేదో కొలబద్ద దగ్గరికెళ్ళి చూడాలి.

మూడో తప్పు రేకుది. చిక్ గార్డు మరీ దగ్గరగా కట్టాం. పదో రోజుకి దాన్ని వెడల్పు చేసి ఉండాల్సింది. చోటుంటే పిల్ల తనంతట తనే వేడికి దూరంగా జరుగుతుంది. మేం ఆ దారి మూసేశాం.

నాలుగువందల ఏళ్ళ నాటి పొదుగు పెట్టె

ఆ దెబ్బతో కొంత చదివాను. మన కథకి మూలపురుషుడు ఒక డచ్చి ఆయన, పేరు కార్నీలిస్ డ్రెబెల్. పదిహేడో శతాబ్దం మొదట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టె ఒకటి చేశాడు. వేడెక్కితే పాదరసం ఉబ్బి పొయ్యికి గాలి వెళ్ళే దారిని మూసేది, చల్లబడితే దిగి మళ్ళీ తెరిచేది. మనిషి కాపలా లేకుండా తన వేడిని తనే సర్దుకునే యంత్రాల్లో మొట్టమొదటి వాటిలో ఇదొకటి. అది పుట్టింది కూడా కోళ్ళ కోసమే!

రెండో ఆయన అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పంతులు వారెన్ జాన్సన్. అక్కడి చలికాలంలో బడి జవాను గదిగదికీ వచ్చి వేడి చూసి, కిందికెళ్ళి పొయ్యి సర్దేవాడు. పాఠం మధ్యలో ఈ రాకపోకలు భరించలేక, గదిలోని వేడి సంగతి కింద పొయ్యి దగ్గర ఉన్నవాడికి కరెంటు ద్వారా తెలిసే పరికరం చేసి, 1883లో పేటెంటు తీసుకున్నాడు. మన దగ్గర పంపుసెట్ల కోసం పుణేకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' తెచ్చిందీ ఇలాంటి బాధతోనే. పొలంలో మోటారు వెయ్యడానికి రైతు అర్ధరాత్రి నడిచి వెళ్ళకూడదని.

వీటిలో నేను పట్టుకున్న ముక్క ఒక్కటే. వేడిని సర్దే పని పొయ్యి దగ్గరే జరగాలి. ఇంటికి రావాల్సింది కబురు. నేను వైఫై నమ్ముకుని ఈ రెండూ కలగలిపేశాను.

రెండోసారి ఇలా కట్టాం

ఈసారి బాబాయ్ పక్కనే కూర్చున్నాడు. రిలే తీసేసి, బల్బుల లోడుకి తట్టుకునే కాంటాక్టరు పెట్టాం. దానికి వరసలో రెండో కాంటాక్టరు. దాన్ని నడిపేది బోర్డు కాదు, రాగి గొట్టంతో పనిచేసే పాతకాలపు థర్మోస్టాట్. దాన్ని 37 దగ్గర పెట్టాం. ఎలక్ట్రానిక్స్ మొత్తం పాడైనా, మొదటి కాంటాక్టరు అతుక్కుపోయినా, 37 దాటితే ఇది లైను తెంపేస్తుంది.

వైఫై మానేసి తీగ వేశాం. ఆర్ఎస్485 అనే పద్ధతిలో మెలిపెట్టిన తీగల మీద 1200 మీటర్ల దాకా కబురు పంపొచ్చు. మాకు కావలసింది అరవయ్యే. పందికొక్కులు కొరికేస్తాయని ప్లాస్టిక్ పైపులో దూర్చి, పలుగు తగలనంత లోతున పాతాం.

అమ్మ మంచం పక్కన గోడకి చిన్న పెట్టె కొట్టాం. అందులో పెద్ద ఎర్రంకెల్లో షెడ్డు వేడి. పక్కన ఒక దీపం. ఆ దీపానికి కబురు కాంటాక్టర్ల తర్వాత, బల్బులకి వెళ్ళే తీగ నుంచే తీశాం. బల్బులకి నిజంగా కరెంటు అందితేనే అది వెలుగుతుంది. కింద ఒక గంట. వేడి 30కి దిగినా, 36 దాటినా, షెడ్డులో కరెంటు పోయినా, తీగ తెగి కబురు ఆగిపోయినా మోగుతుంది. వారం మారినప్పుడల్లా ఈ అంకెలు నేను కిందికి దించుతాను. గంటకి వేరే చిన్న బ్యాటరీ ఉంది.

కరెంటు పోతే ఎలా అని అడుగుతారు మీరు. ఇన్వర్టరు లెక్క వేశాను. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల బల్బులకి నష్టాలు పోను గంట, గంటంపావు. ఆ వ్యవధిలో లేచి ఊక పొయ్యి అంటించుకోవచ్చు. నాన్న పొయ్యి ఇప్పటికీ షెడ్డు వెనక సిద్ధంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పొగా, నల్లబొగ్గూ పోయి నిప్పు ఎర్రగా కణకణలాడాకే లోపలికి తేవాలి. తెరల పైభాగం తెరిచి ఉంచాలి. అన్నీ బిగించి కుంపటి పెడితే వచ్చే విషవాయువుకి వాసన ఉండదు. పిల్లలకే కాదు, కాపలా పడుకున్న మనిషికీ ప్రమాదం. బల్బుల్ని వైరుతో వేలాడదీయకుండా గొలుసుతో కట్టండి. కింద ఉన్నదంతా ఎండు ఊకే.

మొత్తం ఖర్చు ఆరువేల చిల్లర. బాబాయ్ కూలి తీసుకోలేదు. వారం పోయాక రెండు పెట్టలు పట్టుకెళ్ళాడు.

అమ్మ ఏమంది?

ఈ సంక్రాంతి ముందు దిగిన పిల్లలు ఐదువందలు. మూడు వారాల్లో గంట రెండుసార్లు మోగింది. ఒకసారి కరెంటు పోయి, ఇంకోసారి అమ్మ ఊడుస్తూ సెన్సారుని బల్బు కిందికి నెట్టి. కట్లపాము దారిలో రాత్రివేళ అమ్మ నడిచింది ఆ రెండుసార్లే, రెండుసార్లూ నేను వెంట ఉన్నాను. పోయిన పిల్లలు తొమ్మిది. అంతమాత్రం ప్రతిసారీ పోతాయంది అమ్మ.

మంచం ఇంట్లోకి వచ్చింది. కానీ నిద్ర ఒక పట్టాన రాలేదు. మొదటి వారమంతా రాత్రి ఎప్పుడు లేచి చూసినా అమ్మ కళ్ళు తెరిచి ఆ ఎర్రంకెల్ని చూస్తూ ఉండేది.

"గంట మోగుతుందిగా, పడుకోవే అమ్మా" అంటే, "మోగకపోతే?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండాలి కాబట్టి, ఇప్పుడు ప్రతి సాయంత్రం దీపం పెట్టే వేళకి ఒక పని చేస్తున్నాం. నేను షెడ్డులో సెన్సారుని గుప్పిట్లో మూసి వెచ్చబెడతాను. అంకె 36 దాటగానే ఇంట్లో గంట మోగాలి. మోగితే అమ్మ వరండాలోకి వచ్చి, "ఆఁ, మోగింది!" అని కేకేస్తుంది. అప్పుడు నేను బోదెగట్టు మీదుగా ఇంటికొస్తాను. ఇద్దరం అన్నం తింటాం. ఆ తర్వాతే పడుకుంటుంది.